అమ్మమ్మే అత్తగారైన ఇంట్లో: పదకొండేళ్ల నాటి రక్తం, అడగని ఫలితం

ఈ కేసులో ఊరి పేరు, కులం పేరు, ఆసుపత్రి పేరు రాయలేదు. వయసులు కాస్త అటూ ఇటూ మార్చాను. జన్యు వైద్యంలో ఏ కేసు రాసినా మొదట వంశవృక్షం పటం గీస్తాం. ఇక్కడ అదీ గీయలేదు. మూడు తరాల మేనరికాలు, ఎంతమంది మగవారు, ఎంతమంది ఆడవారు, ఏ కొమ్మ చివర చెవిటి పాప ఉంది అన్నది ఒక్కసారి చూస్తే చాలు, ఆ మండలంలో ఎవరైనా వీధి పేరుతో సహా ఇల్లు చూపిస్తారు.

నేను ఒక బోధనాసుపత్రిలో జన్యు వైద్యురాలిని, అక్కడి ఎథిక్స్ కమిటీకి సభ్య కార్యదర్శిని. ఈ పరిశోధన నాది కాదు. ఇందులో జరిగిన పొరపాట్లలో మాత్రం రెండు నావే.

నేపథ్యం

పదకొండేళ్ల క్రితం మా చెవి, ముక్కు, గొంతు విభాగం పుట్టు చెవుడు మీద ఒక అధ్యయనం చేసింది. మన దగ్గర దగ్గరి సంబంధాలు ఎక్కువ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపాలు కలిస్తేనే బయటపడే జబ్బులు ఇటువంటి ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. పుట్టు చెవుడులో కొంత భాగం అటువంటిదే. వందకు పైగా కుటుంబాలు పాల్గొన్నాయి. ఒక్కొక్కరి దగ్గర ఊదారంగు మూత గొట్టంలో 5 మిల్లీలీటర్ల రక్తం తీసి, డీఎన్‌ఏ వేరుచేసి, చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టారు. అప్పుడు చూసింది జీజేబీ2 అనే ఒక్క జన్యువునే. అందులో లోపం దొరికిన వారికి చెప్పారు. దొరకని వారి గొట్టాలు ఫ్రీజర్‌లోనే మిగిలిపోయాయి. పీజీ విద్యార్థి థీసిస్ సమర్పించి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆ ఫ్రీజర్‌ను అందరూ 'బయోబ్యాంక్' (పరిశోధన కోసం నమూనాలు దాచే నిల్వ) అనడం మొదలుపెట్టారు. దాన్ని బయోబ్యాంక్ చేయాలని ఎవరూ నిర్ణయించలేదు, దానికి నియమావళి లేదు, పిలుపు మాత్రం స్థిరపడింది.

సమ్మతి పత్రం ఒకే పేజీ. ఇంగ్లిషులో రాసి తెలుగులోకి దించినది. అందులో నమూనా గురించి ఉన్నది ఒక్క వాక్యం: 'నా రక్త నమూనాను ఈ పరిశోధనకు మరియు సంబంధిత పరిశోధనలకు వాడుకొనుటకు సమ్మతించుచున్నాను.' దాని కింద సంతకం, లేదా వేలిముద్ర.

తర్వాత మా విభాగానికి వచ్చిన ఒక పరిశోధకుడు, జవాబు దొరకని కుటుంబాల డీఎన్‌ఏ మీద ఎక్సోమ్ సీక్వెన్సింగ్ చేస్తానని ప్రతిపాదన పెట్టాడు. అంటే ఒక జన్యువు కాదు, ప్రోటీన్లను తయారుచేసే దాదాపు 20 వేల జన్యువులనూ ఒకేసారి చదవడం. వెతికేది చెవుడు కారణాలనే కాబట్టి ఇది 'సంబంధిత పరిశోధన' అవుతుందని కమిటీ అంగీకరించింది. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. ఖర్చు గురించి అడిగాం, డేటా ఎక్కడ ఉంటుందని అడిగాం. చెవుడుతో సంబంధం లేనిది కనిపిస్తే ఏం చేస్తావని అడగలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో జన్యు పరిశోధనకు ఒక అధ్యాయం, బయోబ్యాంకులకు ఒక అధ్యాయం ఉన్నాయి. అనుకోకుండా బయటపడే ఫలితాల సంగతి ముందే తేల్చుకోమని అవి చెబుతాయి. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఇది నా మొదటి పొరపాటు.

అదనపు పేజీ

సీక్వెన్సింగ్ బయటి ప్రయోగశాలలో జరిగింది. అక్కడి సాఫ్ట్‌వేర్ ప్రతి నివేదిక చివరా తనంతట తానే ఒక అదనపు పేజీ జోడిస్తుంది. అమెరికాలోని వైద్య జన్యు నిపుణుల సంస్థ 2013లో 56 జన్యువులతో ఒక జాబితా ప్రకటించింది. వేరే కారణంతో పరీక్ష చేసినా ఈ జన్యువుల్లో ప్రమాదకరమైన మార్పు కనిపిస్తే రోగికి చెప్పాలన్నది దాని ఉద్దేశం, ఎందుకంటే వీటి విషయంలో ముందుజాగ్రత్తకు వీలుంది. ఆ జాబితా ఇప్పుడు 80 దాటింది. మన ఒప్పందంలో ఆ పేజీ వద్దని రాయలేదు. కాబట్టి వచ్చింది.

ఒక కుటుంబంలో తల్లి నమూనాలో బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమని ఏనాడో రుజువైన మార్పు ఉంది. రక్తం ఇచ్చేనాటికి ఆమెకు 23 ఏళ్లు, ఇప్పుడు 34. ఈ మార్పు ఉన్న స్త్రీలలో నూటికి 60 మందికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వస్తుందని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే. పిల్లలు చాలనుకున్నవారికి 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీయించుకోమని సలహా ఇస్తారు.

ఆమె భర్త నమూనాలోనూ అదే మార్పు ఉంది.

మొదట గొట్టాలు తారుమారయ్యాయేమో అనుకున్నాం. పాత ఫైలు తీశాక విషయం అర్థమైంది. ఆమె పెళ్లి చేసుకున్నది సొంత మేనమామను. ఆమెకు అమ్మమ్మే అత్తగారు. అమ్మమ్మ నుంచి కొడుక్కి నేరుగా, మనవరాలికి కూతురి ద్వారా అదే మార్పు వచ్చి ఉండవచ్చు. ఆ ఫైల్లోనే పీజీ విద్యార్థి పెన్సిలుతో గీసిన పటం ఉంది. అమ్మమ్మ చెల్లెలి గుర్తు మీద అడ్డగీత, పక్కన 'కడుపులో గడ్డ, 45' అని రాసి ఉంది. అండాశయ క్యాన్సర్‌ను మన ఊళ్లలో చాలామంది చెప్పేది ఆ మాటతోనే. చెవుడు కోసం గీసిన పటం కాబట్టి ఎవరూ ఆ పెన్సిలు గీత దగ్గర ఆగలేదు.

మొదటి సమావేశం

కమిటీలో ఆ రోజు కోరం ఉంది. న్యాయవాది, సామాజిక శాస్త్రవేత్త, ఇద్దరు వైద్యులు, బయటి నుంచి వచ్చిన అధ్యక్షుడు, సాధారణ ప్రజల తరఫున ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు. చర్చ రెండున్నర గంటలు సాగింది.

క్యాన్సర్ సర్జన్ వాదన సూటిగా ఉంది. ముప్పు తెలుసు, నివారణ తెలుసు, వయసు దాటిపోతోంది, కాబట్టి రేపే పిలవండి. న్యాయవాది ఒప్పుకోలేదు. ఆమె మొదట హవసుపాయి కేసు గుర్తుచేశారు. అమెరికాలోని అరిజోనాలో 1990ల్లో ఆ తెగవారి రక్తం మధుమేహం పరిశోధనకని తీసుకుని, స్కిజోఫ్రీనియా, పూర్వికుల వలసలు వంటి వాటికి కూడా వాడారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేసింది. ఇక మన చట్టం. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కని తేలింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది. అయితే ఆ డేటాతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోనంత వరకే ఆ మినహాయింపు. 'ఆమెను పిలిచి మీకు ఇది ఉంది అన్నామంటే మనం మినహాయింపు గీత దాటినట్టే. దాటకూడదని అనడం లేదు. ఆమె అనుమతి తీసుకుని దాటుదాం' అన్నారు.

ప్రధానోపాధ్యాయురాలు సమ్మతి పత్రం అడిగి తీసుకుని పైకి చదివారు. చదివి, 'సమ్మతించుచున్నాను అని ఈ ఊళ్లో ఎవరైనా మాట్లాడతారా?' అని అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి తేల్చింది ఇది. ఆమెకు తెలుసుకునే అవకాశం ఇవ్వాలి. ఫలితం చెప్పే ముందు తెలుసుకోవాలనుకుంటున్నారా అని అడగాలి. పరిశోధన ప్రయోగశాల ఫలితాన్ని అలాగే చేతిలో పెట్టకూడదు, కొత్తగా రక్తం తీసి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత స్కానింగ్, శస్త్రచికిత్స ఎక్కడ, ఎవరి ఖర్చుతో అన్నది ముందే కుదిరి ఉండాలి. పాప ఫైల్లో ఆ జన్యువును తెరవకూడదు. పెద్దయ్యాక వచ్చే జబ్బు గురించి మైనరు తరఫున ఎవరూ తెలుసుకోకూడదు, ఆ ప్రశ్న పద్దెనిమిదేళ్లు నిండాక ఆ పిల్లదే.

తల్లిదండ్రులిద్దరికీ మార్పు ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే వీలుంది కదా అని ఒక వైద్యుడు అడిగారు. మంచి ప్రశ్న. అలా వస్తే చాలా అరుదైన, తీవ్రమైన రక్తహీనత జబ్బు వస్తుంది, ఎదుగుదలలోనూ తేడాలు కనిపిస్తాయి. పాప ఎత్తు, బొటనవేళ్లు, చర్మం, రక్తకణాల సంఖ్య అన్నీ మామూలుగా ఉన్నట్టు ఆసుపత్రి రికార్డులోనే ఉంది. తల్లికి రెండో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఆ ఒక్క వివరం తర్వాత మా నిర్ణయాలన్నిటికీ ఊపిరి పీల్చుకునే చోటు ఇచ్చింది. అది లేకపోతే భార్యాభర్తల ఫలితాలను విడివిడిగా చూసే వీలే ఉండేది కాదు.

ఫోను

ఇక్కడ నా రెండో పొరపాటు.

పరిశోధన సహాయకుడు ఫోన్ చేయాలి. ఏం మాట్లాడాలో నాలుగు వాక్యాలు రాసిచ్చాం. ఫలితం మాటే అందులో లేదు. 'మీరు గతంలో పాల్గొన్న పరిశోధన గురించి ఆసుపత్రి వైద్యులు మాట్లాడాలనుకుంటున్నారు, వీలు చూసుకుని రండి.' నేనే చదివి సంతకం పెట్టాను. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం అడగలేదు. పదకొండేళ్ల నాటి నంబరు. ఆ రోజుల్లో ఇంటికి ఒకే ఫోన్. ఇప్పుడు అది ఆమె మరిది దగ్గర ఉంది.

ఆయన మామూలుగానే అడిగాడు, ఏ పరిశోధన అని. చెవుడు పరిశోధన. మరి పాపను తీసుకురమ్మంటారా? కాదండీ, పాప అవసరం లేదు, వాళ్ల అమ్మగారు వస్తే చాలు. ఆమెకేమైంది? ఏమీ కాలేదండీ, రక్తం విషయం. ఇరవై ఏడేళ్ల సహాయకుడు, అబద్ధం ఆడకూడదని నేర్పాం కాబట్టి ఆడలేదు.

పెద్దాసుపత్రి నుంచి ఫోన్, రక్తంలో ఏదో ఉందట, పిల్లను కాదు తల్లినే రమ్మన్నారట. వారం తిరిగేసరికి అది ఊళ్లో 'ఆ జబ్బు' అయింది. మన జిల్లాల్లో ఆ రెండు మాటలకు అర్థం ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఒక అమ్మాయికి అప్పుడే సంబంధం చూస్తున్నారు. అది తప్పిపోయింది. ఫోన్ వల్లే తప్పిపోయిందని నిరూపించలేను. కాదని ఎవరైనా అంటే నమ్మలేను. తర్వాత మా నంబరు నుంచి వెళ్లిన ఫోన్లు ఎవరూ ఎత్తలేదు.

మేం ఏ రహస్యమూ బయటపెట్టలేదు. ఆ ఒక్క ఇంటికే ఫోన్ చేశాం, అంతే. అందరిలో ఒకరినే పిలిస్తే, ఎందుకు పిలిచామో ఎంత దాచినా కనిపించిపోతుంది. ఫలితం రక్షించడం మీద పెట్టిన ఆలోచనలో పావు వంతు పిలుపు మీద పెట్టలేదు.

ఆశా కార్యకర్త ద్వారా కబురు పెడదామని పరిశోధకుడు సూచించాడు. కమిటీ వద్దంది. ఆమె అదే ఊళ్లో అదే బావి నీళ్లు తాగే మనిషి. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది. మధ్యమనిషిని పెట్టుకుంటే పని తేలికవుతుంది, మాట ఎవరిదో తెలియకుండా పోతుంది. మా సామాజిక శాస్త్రవేత్త అప్పట్లో ఆ ప్రాంతంలో తిరిగినవాడు. ఆయన ముందు ఆ సూచన రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

అందరికీ ఒకే ఉత్తరం

దారి చూపింది ప్రధానోపాధ్యాయురాలే. 'బడిలో ఒక పిల్లాడి తండ్రితో ఒంటరిగా మాట్లాడాలంటే తల్లిదండ్రుల సమావేశం పెట్టేదాన్ని' అన్నారు.

అధ్యయనంలో జవాబు దొరకని కుటుంబాలన్నిటికీ ఒకే రోజు, ఒకే రకం కవరులో, ఒకే ఉత్తరం పంపాలని నిర్ణయించాం. మీ రక్తం ఇంకా మా దగ్గర ఉంది, దాన్ని ఏం చేయాలో మళ్లీ అడగాలనుకుంటున్నాం, ఫలానా రోజున రండి. ఇలా చేస్తే ఉత్తరం వచ్చిందన్నంత మాత్రాన ఎవరి గురించీ ఏమీ తెలియదు. కవరు మీద జన్యు విభాగం ముద్ర వేయలేదు, వారికి అలవాటైన చెవి విభాగం ముద్రే వేశాం. పైగా ఇది ఒక్క ఫలితం చెప్పడానికి వేసిన ఎత్తు కాదు, ఎలాగూ చేయవలసిన పనే. అందరి డీఎన్‌ఏనూ చదివాం కాబట్టి అందరికీ ఆ ప్రశ్న బాకీ ఉన్నాం.

సర్జన్ అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. దీనికి నెలలు పడుతుంది, ఈలోగా ఆమెకు ఏదైనా అయితే? ముప్పు జీవితకాలానికి లెక్కగట్టినది, కొన్ని నెలల్లో పెరిగేది కొద్దిగా, ఏళ్లు గడిస్తే పెరిగేది చాలా. అందుకని ఆరు నెలల గడువు పెట్టుకున్నాం. ఆలోగా ఆమె రాకపోతే ఎంత నష్టమైనా సరే నేనే స్వయంగా కలవాలి. ఈ గడువును మినిట్స్‌లో రాయించింది సర్జనే.

కొత్త సమ్మతి పత్రం రాయడానికి మూడు వారాలు పట్టింది. 'భద్రపరచబడిన నమూనా' అన్నది 'మీ రక్తంలో కొంత మా ఫ్రీజర్‌లో దాచి ఉంచాం' అయింది. 'జన్యుక్రమ విశ్లేషణ' దగ్గర చాలాసేపు ఆగిపోయాం. చివరికి 'మీ ఇంట్లో తరతరాలుగా వచ్చే పోలికలు, జబ్బులు రక్తంలో రాసి ఉంటాయి, దాన్ని చదువుతాం' అని రాశాం. శాస్త్రవేత్తలు ముఖం చిట్లించారు గానీ చదివిన ప్రతివారికీ అర్థమైంది. ఎంచుకోవలసిన ప్రశ్నలు నాలుగు పెట్టాం: చెవుడు గురించి మాత్రమే వాడాలా? వేరే జబ్బుల పరిశోధనకూ వాడవచ్చా? ఆసుపత్రి బయట, కంపెనీలకు, విదేశాలకు ఇవ్వవచ్చా? మీ ఒంటికి సంబంధించి ముందే జాగ్రత్త పడదగినది ఏదైనా కనిపిస్తే మీకు చెప్పాలా? దేనికైనా వద్దనవచ్చు, రేపు మనసు మార్చుకోవచ్చు, మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. భర్తకు, భార్యకు వేర్వేరు కాగితాలు.

సదరం శిబిరం

రోజు ఎంచుకోవడంలో చెవి విభాగం ఆడియాలజిస్టు తెలివి పనికొచ్చింది. వైకల్య ధ్రువపత్రాల కోసం సదరం శిబిరం జరిగే రోజుల్లో వినికిడి లోపం ఉన్న పిల్లల కుటుంబాలు ఎలాగూ వస్తాయి. ఆ వరండాలో ఎవరు ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగరు. వెనక గదిలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాం. పత్రం చదివి వినిపించి, 'ఇప్పుడు మీ మాటల్లో మాకు చెప్పండి' అని అడిగాం. చెప్పలేకపోతే సంతకం తీసుకోలేదు, మళ్లీ మొదలుపెట్టాం.

ఒక పెద్దాయన అంతా విని అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. 'అయితే ఇది తాకట్టా డాక్టరమ్మా, అమ్మకమా?' రెండూ కాదు, మీది మీరు మా దగ్గర దాచారు అన్నాను. 'దాచినదైతే చూపించండి మరి.' వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెప్పేదీ అదే, నమూనా ఇచ్చినవారిది, సంస్థ ధర్మకర్త మాత్రమే. ఆ సూత్రాన్ని సెమినార్లలో ఎన్నోసార్లు చెప్పాను గానీ, ఫ్రీజర్ తలుపు తెరిచి చూపించింది ఆ రోజే. తెల్లటి పొగ బయటికి వచ్చింది. మంచు పట్టిన పెట్టెలోంచి పట్టకారుతో గొట్టం తీసి, వేలితో మంచు తుడిచి నంబరు చదివి వినిపించాం. చిటికెన వేలు గోరంత ద్రవం. ఆయన చాలాసేపు చూసి, 'తీసేయండి' అన్నాడు. ఆయన కళ్లముందే ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు పంపి, పసుపు సంచిలో వేసి, రిజిస్టర్‌లో సంతకం చేయించుకున్నాం. పరిశోధకుడికి కష్టంగా అనిపించింది, ఆ కుటుంబంది అరుదైన నమూనా. కానీ ఆ కబురు వరండాలోకి వెళ్లాక లోపలికి వచ్చినవారు తేలికపడ్డ ముఖాలతో వచ్చారు. అడిగితే నిజంగానే ఇచ్చేస్తారని తెలిసింది కదా.

వచ్చినవారిలో ఎక్కువమంది తమ గురించి ఏదైనా కనిపిస్తే చెప్పమన్నారు. కంపెనీలకు ఇవ్వడానికి ఒప్పుకున్నవారు తక్కువ. చిరునామా మారి ఉత్తరం తిరిగొచ్చిన కుటుంబాల గొట్టాలు తాళం వేసిన అరలోకి వెళ్లాయి. వారు దొరికేదాకా వాటి మీద కొత్త పరిశోధన ఉండదు.

ఆమె, ఆయన

ఆ దంపతులు రెండో శిబిరానికి వచ్చారు, పాపకు చెవి మిషన్ అచ్చు మార్పించడానికి. ఫోన్ సంగతికి నేను క్షమాపణ చెప్పాను. ఆమె వింది, ఏమీ అనలేదు.

ఇద్దరితోనూ కౌన్సెలర్ విడివిడిగా మాట్లాడింది. నాలుగో ప్రశ్నకు ఆమె 'చెప్పండి' అంది. ఆయన వద్దన్నాడు. ఊరికే వద్దనలేదు, కౌన్సెలర్‌ను ఒక ప్రశ్న అడిగి మరీ వద్దన్నాడు. 'ఇలాంటిది కాగితం మీద ఉంటే బీమా ఇస్తారా?' ఆయన బతుకుతెరువు అటువంటిది, బీమా లేనిదే బండి కదలదు, అప్పు పుట్టదు. నిజాయితీగా ఇవ్వగలిగిన సమాధానం సగమే. ఆరోగ్య బీమాలో జన్యు జబ్బులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ అమెరికాలో 2008లో చేసినట్టు జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఆ అమెరికా చట్టం కూడా జీవిత బీమాను పట్టించుకోదు. హామీ ఇవ్వలేమని కౌన్సెలర్ చెప్పింది. 'అయితే నాకు తెలియకపోవడమే మంచిది' అన్నాడు. ఆ మాటను తెలివితక్కువతనమని నేను అనలేను.

భార్యకు చెప్పాలి, భర్తకు చెప్పకూడదు. భర్త ఆమెకు మేనమామ. ఆమెకు చెప్పేది ఆమె తల్లి రక్తం గురించే అవుతుంది, ఆ తల్లి ఆయన తోబుట్టువు కాబట్టి అది ఆయన రక్తమే. మామూలు ఇళ్లలో ఇటువంటి ఫలితం చెప్పగానే మొదటి ప్రశ్న 'ఎవరి వైపు నుంచి వచ్చింది?' అన్నదే. అక్కడ రెండు వైపులుంటాయి. ఇక్కడ ఉన్నది ఒకటే వైపు.

అందుకు ఒక ఏర్పాటు చేశాం. ఆమెతో మాట్లాడే కౌన్సెలర్‌కు భర్త ఫలితం తెలియనివ్వలేదు. ఆమె కొత్త రక్త నమూనా గుర్తింపు పొందిన ల్యాబ్‌కు వెళ్లింది, మార్పు ఉన్నట్టు నిర్ధారణ అయింది. గదిలో కౌన్సెలర్, ఆమె మాత్రమే. చెప్పాల్సింది చెప్పాక ఆమె అడిగింది అదే. 'మా అమ్మ వైపు నుంచా?' కౌన్సెలర్ నిజంగానే తెలియక, 'మీ ఒక్కరి రక్తం చూసి చెప్పలేమమ్మా. మీ అమ్మగారు, నాన్నగారు, ఇద్దరి వైపుల రక్తసంబంధీకులూ పరీక్ష చేయించుకోవచ్చు, వాళ్లకు చూపించడానికి ఉత్తరం ఇస్తాను' అంది. ఆమె కొంచెంసేపు ఆగి, 'మా చిన్నమ్మమ్మ కడుపులో గడ్డతో పోయింది' అంది. పదకొండేళ్లుగా మా ఫైల్లో ఉన్న విషయం.

ఈ ఏర్పాటు నాకు పూర్తిగా నచ్చలేదు. కౌన్సెలర్ నిజమే చెప్పింది, కానీ సంస్థకు తెలుసు, నాకు తెలుసు. తెలియని మనిషిని తలుపు దగ్గర నిలబెట్టి నిజాయితీగా ఉన్నామనడంలో ఏదో వెలితి ఉంది. న్యాయవాదిని అడిగితే, 'ఇంతకన్నా నిజాయితీ అయిన మార్గం ఉంటే చెప్పండి' అన్నారు. ఆలోచించాను. ఆయన వద్దన్న మాటను కాలరాయకుండా వేరే మార్గం కనిపించలేదు. ఆమె ఆరోగ్యానికి ఆయన ఫలితం అవసరం లేదు, పిల్లలు పుట్టే ప్రశ్న లేదు. ఈ రెండింటిలో ఏది మారినా నా జవాబు మారేది.

ఆమె మొదట ఎంఆర్‌ఐ చేయించుకుంది, అందులో ఏమీ కనిపించలేదు. పది నెలల తర్వాత అండాశయాలు తీయించుకుంది. రొమ్ముల విషయంలో ఏటా పరీక్షలు చాలనుకుంది. ఖర్చు ఆసుపత్రి రోగుల సహాయ నిధి నుంచి ఇప్పించాం, ముందే కుదుర్చుకున్నాం కాబట్టి కుదిరింది. ఆమె తల్లి ఉత్తరం పట్టుకుని వచ్చింది.

ఆ తర్వాత మారినవి

ఇప్పుడు మా కమిటీ ముందుకు ఏ జన్యు ప్రతిపాదన వచ్చినా మొదట అడిగేది ల్యాబ్ ఒప్పందం ప్రతి. అదనపు పేజీ రావాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ కాదు, ఇచ్చిన మనిషి నిర్ణయించాలి. అనుమతి లేనివారి విషయంలో చెవుడు జన్యువుల జాబితా మాత్రమే తెరుస్తారు, మిగతాది మూసే ఉంచుతారు. చూడగలిగి చూడకపోవడం తప్పు కాదా అని యువ పరిశోధకులు అడుగుతుంటారు. అడగకుండా చూశాక ఏం జరుగుతుందో వాళ్లకు ఈ కేసు చెబుతాను.

మళ్లీ సంప్రదించే పద్ధతిని మొదటి రోజే పాల్గొన్నవారితో రాయించుకుంటున్నాం: ఎవరి ఫోన్, ఏ వేళప్పుడు, ఇంట్లో వేరేవారు ఎత్తితే ఏమని చెప్పాలి. చాలామంది ఆడవాళ్లు 'చెవి మిషన్ దుకాణం నుంచి అని చెప్పండి' అని రాస్తున్నారు. అబద్ధం కదా అని న్యాయవాది కాస్త నసిగారు. చివరికి 'చెవి విభాగం నుంచి' అన్న దగ్గర రాజీ కుదిరింది.

థీసిస్‌లలో, వ్యాసాల్లో వంశవృక్షాలు అచ్చు వేయడం మానేశాం. కులం పేరు రాయడం మీద మాత్రం ఇంకా తగాదా ఉంది. రాయకపోతే నష్టమైన సందర్భాలూ ఉన్నాయి. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం వల్ల సక్సామెథోనియం అనే మందు ఇస్తే కండరాలు, శ్వాస చాలాసేపు తేరుకోవు. ఆ సంగతి అచ్చయి అందరికీ తెలియబట్టే మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్త పడగలుగుతున్నారు. అక్కడ పేరు ప్రాణం కాపాడింది. కొన్ని వందల గడపలే ఉన్న కులం విషయంలో అదే పేరు సంబంధాలు చెడగొడుతుంది. ప్రతి వ్యాసానికీ విడిగా తేల్చుకుంటున్నాం, ఆ కులపెద్దలను కూడా కూర్చోబెట్టి. వారు చెప్పింది ఒకసారి మాకు నచ్చలేదు, అయినా పాటించాం.

ఆయన కాగితం ఫైల్లో అలాగే ఉంది, నాలుగో ప్రశ్న పక్కన 'వద్దు' మీద గుర్తుతో. ఏడాదికోసారి అందరికీ వెళ్లే ఉత్తరంలో 'మనసు మారితే చెప్పండి' అన్న వాక్యం ఆయనకూ వెళుతుంది. పోయిన నెల పాపతో ఆడియాలజీకి వచ్చాడు. కౌన్సెలర్ గది తలుపు తెరిచే ఉంది. గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూశాడు. చెవి మిషన్ బ్యాటరీలు ఇక్కడ ఇస్తారా, కింద కౌంటర్లోనా అని అడిగాడు. కింద అని చెప్పింది. వెళ్లిపోయాడు.